డిస్పోజబుల్ వేప్‌కి చార్జింగ్ ఎలా పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం అది క్లుప్తంగా చెప్తాను. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నావు, ఆరుగురు కలిసి ఒకే ఇంట్లో ఉంటున్నారు. టైప్-సి పోర్టు ఉన్న డిస్పోజబుల్ వేప్, అంటే వాడి పారేసే ఈ-సిగరెట్, ఒకటి నీ దగ్గర ఉంది. ల్యాప్‌టాప్ 65 వాట్ల చార్జర్‌కి పెడితే అసలు చార్జింగ్ ఎక్కడం లేదు. ఫోన్ చార్జర్‌కి వేరే కేబుల్‌తో పెడితే ఎక్కుతోంది కానీ వేడెక్కుతోంది. రాత్రి దిండు పక్కన చార్జింగ్ పెట్టి పడుకోవచ్చా, త్వరగా ఎక్కించే మార్గం ఉందా, సంక్రాంతికి హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా అని అడిగావు.

నేను పద్నాలుగేళ్లుగా లిథియం సెల్స్ పరీక్షించే పనిలో ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లు ఇంగ్లండ్‌లోనే. సెల్‌ని కావాలనే ఎక్కువ చార్జ్ చేసి, వేడి చేసి, మేకు దించి, అది ఎప్పుడు ఎలా పాడవుతుందో రాసుకోవడం మా ఉద్యోగం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు రాత్రి సంగతి. దిండు పక్కన వద్దు. మంచం మీద వద్దు, మంచం కింద వద్దు, నువ్వు నిద్రపోయేటప్పుడు అసలు చార్జింగే వద్దు. ఎందుకో తెలిస్తే నీకు నువ్వుగానే మానేస్తావు, అందుకే లోపల ఏముందో చెప్తాను.

ఆ ప్లాస్టిక్ గొట్టంలో ఒక చిన్న లిథియం అయాన్ సెల్ ఉంటుంది. నీ ఫోన్‌లో ఉన్న జాతిదే, సైజులోనే తేడా. చార్జింగ్ పోర్టు ఉన్న డిస్పోజబుల్స్‌లో మామూలుగా 500 నుంచి 650 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్ పెడతారు. ఫోన్ బ్యాటరీ 5000 దాకా ఉంటుంది కాబట్టి ఇది దాదాపు పదో వంతు. నిండినప్పుడు దాని వోల్టేజీ 4.2. వాడుతుంటే తగ్గుతూ 3 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి లోపలి సర్క్యూట్ ఆపేయాలి. ఈ రెండు అంకెల మధ్య ఉన్నంతసేపు సెల్ బుద్ధిగా ఉంటుంది. 4.2 దాటించి నింపితే ప్రమాదం. 2.5 కంటే బాగా కిందికి పడిపోయి అలాగే ఉండిపోతే లోపలి రాగి రేకు కరగడం మొదలవుతుంది. తర్వాత చార్జ్ చేసినప్పుడు ఆ రాగి అక్కడా ఇక్కడా పేరుకుని లోపల్లోపలే షార్ట్ అయ్యే అవకాశం ఉంది.

ఈ హద్దులు కాపాడేది నువ్వు పెట్టే చార్జర్ కాదు. వేప్ లోపల గోరంత సర్క్యూట్ బోర్డు మీద ఒక చిప్ ఉంటుంది, కాపలా కాసేది అదే. గోడకున్న చార్జర్ 5 వోల్టులు అందించడం వరకే. ఎంత కరెంటు తీసుకోవాలి, ఎప్పుడు తగ్గించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఆ చిప్ చూసుకుంటుంది. మొదట్లో ఒకే కరెంటుతో నింపుతుంది. 4.2 వోల్టులకు చేరాక వోల్టేజీని అక్కడే పట్టి ఉంచి కరెంటు తగ్గించుకుంటూ వస్తుంది, చివరికి మూసేస్తుంది. ఇంటి మీద నీళ్ల ట్యాంకులో బాల్ వాల్వు ఉంటుందే, అలా. వాల్వు బాగుంటే మోటారు ఆపడం మర్చిపోయినా గోడ తడవదు. వాల్వు నాసిరకందైతే?

నీ చేతిలో ఉన్నదానిలో చిప్ మంచిదో నాసిదో నీకు తెలియదు. దాన్ని విప్పకుండా నాకూ తెలియదు. ఫోన్ కంపెనీ తన బ్యాటరీకి రెండు మూడు అంచెల రక్షణ పెడుతుంది, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ పెడుతుంది. కొన్ని వారాల్లో పారేస్తారని తెలిసి చేసిన వస్తువులో అంత ఖర్చు పెట్టరు. నేను విప్పి చూసిన చాలా వాటిలో సెల్ ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటే లేదు. సెల్ 60 డిగ్రీలకు వెళ్లినా చిప్‌కి ఆ సంగతి తెలియదు. ఆ లోటు తీర్చడానికి అక్కడ ఉండాల్సింది మెలకువగా ఉన్న మనిషే. నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు 65 వాట్ల భయం గురించి. చాలామంది పెద్ద చార్జర్ పెడితే చిన్న సెల్‌లోకి కరెంటు తోసేస్తుందనుకుంటారు. అలా జరగదు. వీధిలో మున్సిపల్ పైపు ఎంత లావున్నా కొళాయి రంధ్రం ఎంతో బిందెలోకి అంతే నీళ్లు వస్తాయి. చార్జర్ మీద రాసిన వాట్లు అది ఇవ్వగల గరిష్ఠం. టైప్-సి చార్జర్ మొదట ఇచ్చేది 5 వోల్టులే. అవతలి వస్తువు అడిగితేనే 9, 15, 20కి పెంచుతుంది. వేప్ అలా అడగదు, దానికి అడగడమే రాదు. కాబట్టి పేరున్న కంపెనీ చార్జర్ అయితే 65 వాట్లదైనా సిద్ధాంతం ప్రకారం నష్టం లేదు.

అయినా నేను మామూలు 5 వోల్టుల, 1 ఆంపియర్ పాత చార్జరే వాడమంటాను. పాడైపోయిన ఫాస్ట్ చార్జర్ గానీ, నకిలీ ఫాస్ట్ చార్జర్ గానీ పొరపాటున 9 వోల్టులు వదిలితే ఆ చిన్న చిప్ తట్టుకోలేకపోవచ్చు. మామూలు చార్జర్‌కి 5 దాటడం చేతకాదు. పైగా పెద్ద చార్జర్ వల్ల నీకు ఒక్క నిమిషం కూడా కలిసిరాదు, వేగాన్ని నిర్ణయించేది లోపలి చిప్ కాబట్టి. ల్యాప్‌టాప్ పక్కన ఉండే పాత రకం వెడల్పాటి యూఎస్‌బీ పోర్టు కూడా దీనికి బాగా సరిపోతుంది.

మరి ల్యాప్‌టాప్ చార్జర్‌తో అసలు ఎందుకు ఎక్కలేదు? నీ వేప్ చెడిపోలేదు. రెండు వైపులా టైప్-సి ఉన్న కేబుల్ పెట్టి ఉంటావు. ఆ కేబుల్‌తో చార్జర్ కరెంటు వదలాలంటే, అవతలి వైపు ఒక వస్తువు ఉందని దానికి ముందు తెలియాలి. అందుకోసం వస్తువు పోర్టు దగ్గర 5.1 కిలో ఓమ్‌ల చిన్న రెసిస్టర్లు రెండు పెట్టాలి. కొన్ని పైసల ఖర్చు. చవక వస్తువుల్లో అవి కూడా మిగుల్చుకుంటారు. అప్పుడు చార్జర్ అవతల ఏమీ లేదనుకుని ఊరుకుంటుంది. ఒక వైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ పిన్ను, రెండో వైపు టైప్-సి ఉన్న కేబుల్‌లో ఈ షరతు ఉండదు, 5 వోల్టులు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. నీ ఫోన్ చార్జర్ కేబుల్ ఆ రకందే అయి ఉంటుంది, అందుకే ఎక్కింది. ఇంకో విషయం గమనించు. ఆ రెండు రెసిస్టర్లు పెట్టనివాళ్లు మిగతా చోట్ల ఎక్కువ ఖర్చు పెట్టి ఉంటారని నేను అనుకోను. టైప్-సి నుంచి టైప్-సి కేబుల్‌తో ఎక్కని వేప్‌ని నేను కాస్త ఎక్కువ అనుమానంతోనే చూస్తాను.

వేడి సంగతికి వద్దాం. కొంత వేడి సహజమే. ఇలాంటి వాటిలో వాడే చిప్స్ ఎక్కువగా లీనియర్ రకం. 5 వోల్టులు తీసుకుని, సెల్‌కి కావాల్సింది పోగా మిగిలినదాన్ని వేడిగా వదిలేస్తాయి. లెక్క చూడు. సెల్ 3.4 వోల్టుల దగ్గర ఉంది, కరెంటు అర ఆంపియర్ అనుకుందాం. 5 లోంచి 3.4 తీస్తే 1.6, దాన్ని అరతో హెచ్చిస్తే 0.8 వాటు. మన ఇళ్లలో ఎల్‌ఈడీ జీరో బల్బు అర వాటు ఉంటుంది. అంతకంటే ఎక్కువ వేడి బొటనవేలంత జాగాలో పుడుతోంది. అందుకే పోర్టు వైపు వెచ్చగా తగులుతుంది. సెల్ నిండేకొద్దీ ఈ తేడా తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మొదటి ఇరవై నిమిషాలు గోరువెచ్చగా ఉండి తర్వాత చల్లబడుతుంటే కంగారు పడక్కర్లేదు.

గోరువెచ్చదనానికి, ప్రమాదకరమైన వేడికి తేడా తెలుసుకోవడానికి మణికట్టు లోపలి వైపు ఆనించి చూడు, పసిపిల్లల పాలసీసా వేడి చూసినట్టు. హాయిగా ఆనించి ఉంచగలిగితే సరే. అయిదు సెకన్లు కూడా ఓర్చుకోలేకపోతే గోడ స్విచ్ ఆపెయ్. చార్జింగ్ ఎక్కేకొద్దీ వేడి పెరుగుతూ పోతున్నా, పోర్టు దగ్గర కాకుండా వేప్ ఒంటి మధ్యలో వేడెక్కుతున్నా అది చిప్ వేడి కాదు, సెల్ వేడి. మళ్లీ దాన్ని చార్జింగ్ పెట్టకు.

లిథియం సెల్స్‌ని 0 నుంచి 45 డిగ్రీల మధ్యలోనే చార్జ్ చేయాలి. ఇంగ్లండ్ చలికాలంలో రెండు వైపులా తప్పు జరుగుతుంది. బస్సు కోసం గంట సేపు గడ్డకట్టే చలిలో నిలబడి, జేబులో మంచుముక్కలా అయినదాన్ని ఇంట్లోకి రాగానే చార్జర్‌కి తగిలిస్తారు. అంత చల్లగా ఉన్నప్పుడు నింపితే లిథియం ఉండాల్సిన చోటికి వెళ్లకుండా పైపైన లోహంగా పేరుకుంటుంది, సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. అరగంట ఆగి, గది వేడికి వచ్చాక పెట్టు. రెండోది, ఇక్కడి ఇళ్లలో కిటికీ గట్టు కిందే రేడియేటర్ ఉంటుంది. ఆ గట్టు మీద ఫోన్లూ వేప్‌లూ చార్జింగ్ పెట్టడం ప్రతి స్టూడెంట్ ఇంట్లో చూస్తాను. కింద నుంచి సెగ తగులుతూ, లోపల నుంచి వేడి పుడుతూ ఉంటే ఆ సెల్‌కి ఊపిరాడదు.

త్వరగా ఎక్కించడం గురించి అడిగావు కాబట్టి చెప్తున్నాను. 550 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్ అనుకో, చిప్ అర ఆంపియర్ ఇస్తోందనుకో. అరగంటలో దాదాపు సగం ఎక్కుతుంది, పూర్తిగా నిండటానికి గంటన్నర వరకు పడుతుంది, ఎందుకంటే చివరి భాగంలో కరెంటు సన్నబడిపోతుంది. చిప్ 300 మిల్లీ ఆంపియర్లే ఇచ్చే రకమైతే రెండు గంటలు దాటొచ్చు. తొందరగా ఉంటే అరగంట పెట్టి తీసెయ్, అంతకు మించిన కిటుకు లేదు. మంచి చిప్స్ తాము వేడెక్కినప్పుడు కరెంటు తామే తగ్గించుకుంటాయి. దుప్పటి మీద పెడితే ఆలస్యంగా ఎక్కేది అందుకే. టైల్ మీదో, గట్టి బల్ల మీదో, గాలి ఆడేలా పెడితే తొందరగానూ ఎక్కుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

ఇరవై శాతం కిందికి పోనివ్వకూడదు, ఎనభై దాటనివ్వకూడదు అనే సూత్రాలు ఫోన్ల గురించీ, కార్ల గురించీ వినే ఉంటావు. ఇక్కడ వాటిని పట్టించుకోకు. లోపలున్న జ్యూస్ (ఆవిరయ్యే నికోటిన్ ద్రవం) అయిపోయేలోపు నువ్వు దీన్ని పదో పదిహేనో సార్లు చార్జ్ చేస్తావేమో. ఆ సెల్ వందల సార్లు తట్టుకోగలదు. 2023లో యూనివర్సిటీ కాలేజ్ లండన్, ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు అసలు చార్జింగ్ పోర్టే లేని డిస్పోజబుల్స్‌లోంచి సెల్స్ తీసి పరీక్షించి ఇదే చూపించారు. అంత మంచి సెల్స్‌ని ఒక్కసారి వాడి చెత్తలో వేస్తున్నాం, ఆ సంగతి తలుచుకుంటే నాకు నిజంగా బాధ.

ఆ పరిశోధన గురించి విని కొందరు పోర్టు లేని డిస్పోజబుల్‌ని విప్పి, కేబుల్ కోసి, ఎర్ర తీగ ఇటు నల్ల తీగ అటు తగిలించి చార్జ్ చేస్తున్నారు. వీడియోలు కూడా ఉన్నాయి. దయచేసి ఆ పని చేయకు, చేసేవాళ్లని చూస్తే ఆపు. 5 వోల్టులు నేరుగా సెల్‌కి తగిలితే 4.2 దగ్గర ఆపేవాళ్లు ఎవరూ లేరు. ట్యాంకుకి వాల్వే లేదన్నమాట. ల్యాబ్‌లో వాళ్లు చార్జింగ్‌ని అదుపు చేసే యంత్రాలకు కలిపి, ప్రతి క్షణం వోల్టేజీ కొలుస్తూ చేశారు. వంటింట్లో కత్తెరతో చేసేదీ, అదీ ఒకటే పని కాదు.

చార్జింగ్‌లో ఉండగా పీల్చడం కూడా మానుకో. జ్యూస్‌ని వేడి చేసి ఆవిరి చేసే తీగచుట్టని కాయిల్ అంటారు. దాని నిరోధం సుమారు 1 ఓమ్ ఉంటే, పీల్చినప్పుడల్లా సెల్ నుంచి 3 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఒకవైపు చిప్ అర ఆంపియర్ నింపుతూ వేడెక్కుతోంది, మరోవైపు కాయిల్ అంత కరెంటు లాగుతోంది, ఇదంతా నీ మొహానికి ఆనుకుని జరుగుతోంది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఈ వస్తువుల్లో బటన్ ఉండదు, గాలి కదిలితే పసిగట్టి కాయిల్‌ని వెలిగించే సెన్సర్ ఉంటుంది. జ్యూస్ కారి ఆ సెన్సర్ తడిస్తే ఎవరూ పీల్చకుండానే కాయిల్ వెలగొచ్చు. జేబులో ఉన్నది తనంతట తనే చిటపటమని, మాడిన వాసన వచ్చిందని చెప్పేవాళ్లు ఉన్నారు, అది ఇదే. చార్జింగ్ పెట్టే ముందు పోర్టు చుట్టూ జిగురుగా ఉందేమో చూడు. తడి ఉంటే పొడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరేదాకా పెట్టకు. మళ్లీ మళ్లీ కారుతుంటే దాని పని అయిపోయిందని అర్థం.

లైట్ల భాష ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, నీ పెట్టె మీద ఉన్నదే ప్రమాణం. లైటు ఆరిపోవడమో, రంగు మారడమో నిండినట్టు గుర్తు అయితే, నిండగానే తీసెయ్. మూడు గంటలు దాటినా నిండినట్టు చూపకపోతే చిప్ సరిగా ఆపడం లేదని అనుమానించాలి. నెలల తరబడి డ్రాయర్‌లో పడి ఉండి అసలు వెలగనిదాన్ని బతికించాలని చూడకు, ఇందాక చెప్పిన రాగి కథ అక్కడే మొదలవుతుంది. ఈ విషయాల మీద ఆసక్తి ఉంటే చార్జర్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టే చిన్న యూఎస్‌బీ మీటర్ కొనుక్కో, కొన్ని పౌండ్లే. 5 వోల్టులు, 0.3 నుంచి 0.5 ఆంపియర్లు కనిపించి, చివరికి కరెంటు సున్నా దగ్గరికి వస్తే చిప్ తన పని తాను చేస్తున్నట్టే.

మన పిల్లల ఇళ్లలో నేను ప్రత్యేకంగా చూసేది ఇంకొకటుంది. ఇండియా నుంచి తెచ్చిన ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి ఇక్కడ కొన్న చవక అడాప్టర్, దాని నిండా చార్జర్లు. ఇక్కడి గోడ సాకెట్ల వెనక మామూలుగా 32 ఆంపియర్ల రింగ్ సర్క్యూట్, అంటే సాకెట్లన్నిటినీ చుట్టి కలిపే ఒకే వైరు, ఉంటుంది. అంత కరెంటు సన్నటి వైరులోకి పోకుండా ప్రతి బ్రిటిష్ ప్లగ్గులో ఫ్యూజు పెడతారు. మన బోర్డు ప్లగ్గులో ఫ్యూజు లేదు, చవక అడాప్టర్‌లో కూడా లేకపోతే ఆ వైరుని కాపాడేది ఏదీ లేనట్టే. గుండ్రటి పిన్నులు వదులుగా కూర్చుని నిప్పురవ్వలు రావడం వేరే బాధ. ఈ వారమే ఆ బోర్డు తీసేసి, ఫ్యూజు ఉన్న ఇక్కడి బోర్డు ఒకటి కొను. ఆరుగురు పంచుకుంటే ఒక పూట టీ ఖర్చు కూడా కాదు.

ఇంత చిన్న వస్తువుకి ఇంత భయం ఎందుకని నీకు అనిపించొచ్చు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో పడకగదిలో చార్జింగ్‌కి పెట్టిన ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ పేలి ఒకరు చనిపోయారు. అదే నెలలో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్‌లో ఉన్న బ్యాటరీ పేలి ఒక పెద్దాయన పోయారు. స్కూటర్ బ్యాటరీలో రెండు మూడు కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది, నీ వేప్‌లో సుమారు 2 వాట్ అవర్లు, అంటే వెయ్యో వంతు. ఆ పోలిక నిజమే, వేప్ సెల్ ఒక్కటే ఇల్లు కూల్చదు. కానీ లోపల షార్ట్ అయితే క్షణాల్లో వందల డిగ్రీలకు వెళ్తుంది. లోపలి పల్చటి ప్లాస్టిక్ పొర సుమారు 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఆ తర్వాత ఎవరూ ఆపలేరు. పరుపు అంటుకోవడానికి ఒక్క మంట చాలు, ఆ పరుపు మీద పడుకున్నది నువ్వు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మాతో ఉన్న ఒక కుర్రాడు తన వేప్‌ని సోఫా మీద చార్జింగ్ పెట్టి వంటింట్లో తాలింపు వేస్తున్నాడు. హాల్లో కూర్చున్న నాకు నెయిల్ పాలిష్ లాంటి వాసన వచ్చింది. మా పనిలో ఆ వాసన బాగా తెలుసు కాబట్టి లేచి గోడ స్విచ్ ఆపాను. ఆపిన నిమిషంలోపే బుస్సుమని పొగ వచ్చింది. అందరినీ బయటికి పంపి తలుపు మూశాం. కుషన్‌లో అరచేయంత రంధ్రం పడింది, అక్కడితో ఆగింది. అది పగలు జరిగింది, మేం మెలకువగా ఉన్నాం. రాత్రయితే ఏమయ్యేదో నేను ఇప్పటికీ ఆలోచిస్తాను.

ఆ వాసన నువ్వూ గుర్తుపెట్టుకో. పండ్ల వాసన, మిఠాయి వాసన జ్యూస్‌ది. ముక్కుకి ఘాటుగా తగిలే తియ్యటి నెయిల్ పాలిష్ వాసన సెల్ లోపలి ద్రవానిది. ఆ వాసన వచ్చినా, వేప్ ఒళ్లు ఉబ్బినా, అతుకు దగ్గర ప్లాస్టిక్ విచ్చుకున్నా, చార్జింగ్ లేకుండానే వేడెక్కినా ముందు గోడ స్విచ్ ఆపు. వేడిగా ఉన్నదాన్ని చేత్తో పట్టుకోకు. చల్లగానే ఉంటే బయట సిమెంటు నేల మీద, చెత్తడబ్బాలకూ ఎండుటాకులకూ దూరంగా పెట్టి వదిలెయ్. పొగ గానీ బుస్సుమనే చప్పుడు గానీ మొదలైతే ఆర్పడానికి కూర్చోకు. ఆ పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడ్ లాంటి విషవాయువులుంటాయి. తలుపు మూసి, అందరినీ లేపి, బయటికి వచ్చి ఇక్కడి అత్యవసర నంబర్ 999కి ఫోన్ చెయ్. అందుకే చార్జింగ్ పెట్టే చోటు నీకూ గది తలుపుకీ మధ్యలో ఉండకూడదు. గదిలో పొగ అలారంకి వేప్ ఆవిరి తగిలి మోగుతోందని కొందరు కవర్ కట్టేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా అలా చేసి ఉంటే ఇప్పుడే తీయించు.

ఇక నువ్వు అడగని మాట ఒకటి. బ్రిటన్ అంతటా 2025 జూన్ 1 నుంచి సింగిల్ యూజ్ వేప్‌లు అమ్మడం నిషేధం. చార్జింగ్ పోర్టు ఉంటే సరిపోదు, జ్యూస్ మళ్లీ నింపుకునేలా, కాయిల్ మార్చుకునేలా కూడా ఉండాలి. చార్జ్ అయ్యి, జ్యూస్ నింపడానికి వీల్లేనిది నిషేధంలోకే వస్తుంది. వాడేవాడిని పట్టుకోరు, అమ్మిన షాపుది తప్పు. ఆ తేదీ తర్వాత నీకది ఎవరైనా అమ్మి ఉంటే, ఆ షాపు వాడు ఒక నిబంధన పట్టించుకోలేదన్నమాట. అలాంటివాడు సెల్ నాణ్యత చూసి సరుకు తెచ్చి ఉంటాడని నేను నమ్మను. ఇక్కడ జ్యూస్ ట్యాంకు 2 మిల్లీలీటర్లు, నికోటిన్ మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. నీ పెట్టె మీద అంతకంటే పెద్ద అంకెలుంటే దాన్ని చార్జ్ చేయకుండానే వదిలించుకోమని నా సలహా.

వదిలించుకోవడం అంటే ఇంటి చెత్తడబ్బాలో వేయడం కాదు. చెత్త లారీలో నలిగి మంటలు రేగుతున్నాయి. 2023లో ఇక్కడ వారానికి దాదాపు 50 లక్షల డిస్పోజబుల్స్ పారేస్తున్నారని రీసైక్లింగ్ కోసం పనిచేసే మెటీరియల్ ఫోకస్ సంస్థ అంచనా వేసింది. వేప్‌లు అమ్మే షాపు పాతవి తిరిగి తీసుకోవాలి, అది వాళ్ల బాధ్యత. మొహమాటపడకుండా ఇచ్చెయ్.

సిగరెట్ మానడానికి దీన్ని పట్టుకున్నావో, సిగరెట్ లేకుండానే మొదలుపెట్టావో నువ్వు రాయలేదు. మొదటిదైతే జ్యూస్ నింపుకునే, కాయిల్ మార్చుకునే మంచి కిట్ ఒకటి కొనుక్కో. మీ ఊళ్లోని స్టాప్ స్మోకింగ్ సర్వీస్ ఉచితం, వాళ్లతో మాట్లాడు. రెండోదైతే ఇంకా అలవాటు ముదరకముందే మానెయ్ తమ్ముడూ. చదువు, పార్ట్‌టైమ్ పని, ఇంటి మీద బెంగ, ఇన్ని టెన్షన్ల మధ్య నికోటిన్ ఎంత తొందరగా అంటుకుంటుందో మా ఇంట్లోనే చూశాను.

సంక్రాంతికి మాత్రం తీసుకెళ్లకు. విమానాల్లో వేప్‌ని చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు, చేతి సంచిలోనే ఉంచాలి, గాల్లో చార్జ్ చేయకూడదు, ఇది మామూలుగా ఉండే నియమం. కానీ మనకి అది ముఖ్యం కాదు. ఇండియాలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, రవాణా, అమ్మకం, ప్రకటన అన్నీ నిషేధం. మొదటిసారి తప్పుకి ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. నిల్వ ఉంచినా ఆరు నెలల దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా రాశారు. సొంతానికి ఒకటే కదా అని ఫ్రెండ్స్ చెప్తారు. శంషాబాద్ కస్టమ్స్ దగ్గర అమ్మానాన్న బయట ఎదురుచూస్తుండగా ఆ వాదన చెప్పుకునే పరిస్థితి నీకెందుకు? బయల్దేరే ముందే షాపులో ఇచ్చేసి వెళ్లు.

ప్రస్తుతానికి ఒక పని చెయ్. దాని ఒంటి మీద, పెట్టె మీద ఉన్న అంకెలన్నీ ఇక్కడ రాయి: సెల్ ఎంత, జ్యూస్ ఎంత, నికోటిన్ ఎంత, చార్జింగ్ ఎన్ని వోల్టులు. ఎప్పుడు కొన్నావో, చార్జింగ్ పెట్టినప్పుడు పోర్టు వైపు వేడెక్కుతోందా మధ్యలోనా అన్నది కూడా రాయి. అప్పటిదాకా చార్జర్ తీసేసి ఉంచు. రేపు సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే చూసి, అది వాడదగ్గదో కాదో చెప్తాను.